పన్నెండు మెగాపిక్సెళ్ల షష్టిపూర్తి

మన ఇళ్లలో శుభకార్యానికి పంతులుగారు కుదిరాక, వంటవాళ్లు కుదిరాక, ఫోటోగ్రాఫర్ దగ్గరికి వచ్చేసరికి పెద్దల్లుడికి ఒక ఆలోచన వస్తుంది. "వాడికిచ్చే డబ్బుతో కెమెరానే వస్తుంది కదండీ! ఫంక్షన్ అయ్యాక కెమెరా మనకే మిగులుతుంది." ఈ మాటకి ఎదురు చెప్పిన కుటుంబాన్ని నేనింతవరకూ చూడలేదు. కెమెరా మిగులుతుంది, నిజమే. ఫోటోలు మిగులుతాయా అని అడగాలని మాత్రం ఆ పూట ఎవరికీ తోచదు.

మా నాన్నగారు 1949లో, విరోధి నామ సంవత్సరం కార్తీకంలో పుట్టారు. అరవై సంవత్సరాలూ ఒక చుట్టు తిరిగి 2009లో మళ్లీ విరోధి వచ్చింది. తాడేపల్లిగూడెంలో షష్టిపూర్తి, కల్యాణ మండపం మాట్లాడేశారు. ఊళ్లో స్టూడియో ఆయన ఇంటికొచ్చి, 15 వేలవుతుందని చెప్పి, మచ్చుకి కరిజ్మా అనే ఒక డిజిటల్ ఆల్బమ్ తెరిచి చూపించాడు. ఎవరో దంపతులు పీటల మీద కూర్చున్నారు, వెనకాల స్విట్జర్లాండ్ మంచు కొండలు. పేజీ తిప్పితే గుండె బొమ్మలో బట్టతల పెద్దాయన, ఆయన చుట్టూ పావురాలు. నాన్నగారు ఆ పావురాల దగ్గరే ఆల్బమ్ మూసేసి, "మజ్జిగ తాగి వెళ్లండి" అన్నారు. స్టూడియో ఆయనకి విషయం అర్థమైంది. మా బావగారికి కూడా అర్థమైంది, ఆయన ధోరణిలో.

నాన్నగారి గురించి ఒక ముక్క చెప్పాలి. హైస్కూల్లో లెక్కల మాస్టారు. 58 నిండగానే 2007లో రిటైరయ్యారు. మనిషి సరదాగానే ఉంటారు. పేపర్లో ఏ మంత్రిగారి శాతాలో కూడితే 100 దాటాయంటే పడీ పడీ నవ్వుతారు. కెమెరా ఎదురైతే మాత్రం ఆ మనిషి పోయి, పబ్లిక్ పరీక్షలప్పుడు హాల్లోకి అడుగుపెట్టే మాస్టారు వచ్చేస్తారు. ఆయన పెళ్లికి వచ్చిన ఫోటోగ్రాఫర్ కెమెరాలో రీలుకి 12 ఫోటోలే. ఒక్కటి పాడైనా నష్టమని అందరూ ఊపిరి బిగబట్టి నిలబడేవారట. ఆ బిగబట్టిన ఊపిరి ఈయన ఇంకా వదల్లేదు. "ఫోటో అంటే దస్తావేజు. దస్తావేజు మీద వేలిముద్ర వేస్తూ ఎవడైనా ఇకిలిస్తాడా?" అంటారు.

బావగారిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాబట్టి కెమెరా ఎంపిక ఎక్సెల్ షీటులో మొదలైంది. అడ్డంగా మోడళ్లు, నిలువుగా గుణగణాలు, పచ్చ రంగు ఎరుపు రంగు గళ్లు. మా ఇంట్లో పెళ్లి సంబంధాలు కూడా ఇంత శ్రద్ధగా చూడలేదు. ఆదివారం పూట ఫోన్ స్పీకర్‌లో పెట్టి అందరి అభిప్రాయమూ అడిగారు. అదే ఆయన చేసిన తప్పు.

అక్కకి కెమెరా హ్యాండ్‌బ్యాగులో పట్టాలి, వీలైతే మెరూన్ రంగు. అమ్మకి ఒకటే కోరిక, కళ్లు ఎర్రగా దెయ్యాల్లా పడకూడదు. చిన్నాన్న అసలు రీలు కెమెరానే కొనమన్నాడు. "36 ఫోటోలే ఉంటే మనిషి ఆలోచించి నొక్కుతాడు. మీ డిజిటల్ వాళ్లు నొక్కాక ఆలోచిస్తారు" అన్నాడు. ఆ మాటలో నిజముందని నాకిప్పటికీ అనిపిస్తుంది. కానీ చిన్నాన్న మాటలో నిజముందని మా ఇంట్లో ఒప్పుకుంటే ఆయన ఆగడు కనుక ఎవరూ పైకి అనలేదు.

ఇంతలో నాన్నగారు ఫోనందుకున్నారు.

"మెగాపిక్సెల్ అంటే ఏమిటి అల్లుడుగారూ?"

"పది లక్షల చుక్కలండీ. మనం కొనేదానికి పన్నెండు మెగాపిక్సెళ్లు!"

"మనం ప్రింటు వేయించే ఫోటో ఎంతుంటుంది?"

"మామూలుగా నాలుగు బై ఆరు అంగుళాలండీ."

"అంగుళానికెన్ని చుక్కలుంటే బాగా వస్తుంది?"

"మూడొందలుంటే బ్రహ్మాండం మావయ్యగారూ."

"అంటే 1200 ఇంటూ 1800. 21 లక్షల 60 వేలు. రెండు మెగాపిక్సెళ్ల చిల్లర. మిగతా పదీ ఎవరికి?"

"హలో... హలో... మావయ్యగారూ, సిగ్నల్ సరిగ్గా లేదండీ" అని బావగారు పెట్టేశారు.

తర్వాతి శనివారం ఆయనా నేనూ కోఠి వెళ్లాం. గుజరాతీ గల్లీలో కెమెరా కొట్లు ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉంటాయి. ఒకే మోడల్‌కి బిల్లుతో ఒక రేటు, బిల్లు లేకుండా ఇంకో రేటు, "మీరు మన మనిషి" అన్నాక మూడో రేటు. కొట్టాయన ఎక్సెల్ షీటు ప్రింటు చూసి ఏమాత్రం జంకలేదు. దాన్ని గౌరవంగా గల్లాపెట్టె మీద పెట్టి, దాని మీద తన టీ గ్లాసు పెట్టుకున్నాడు.

"జూమ్ చూడండి సార్. ఆప్టికల్ నాలుగు, డిజిటల్ నాలుగు, మొత్తం పదహారింతలు!" డిజిటల్ జూమ్ అంటే గ్లాసెడు మజ్జిగలో మూడు గ్లాసుల నీళ్లు పోసి నలుగురికి పంచడమే. లెన్స్ దగ్గరికి తెచ్చేదేమీ ఉండదు, వచ్చిన బొమ్మనే కత్తిరించి సాగదీస్తుంది. ఇది బావగారికి తెలుసు. తెలిసి కూడా పదహారు అనగానే ఆయన కళ్లు మెరిశాయి.

కొట్లో పౌచులు సర్దుతున్న కుర్రాడొకడు మెల్లగా, "ఫంక్షన్ లోపలా బయటా సార్?" అని అడిగాడు. మండపం లోపల, హోమం కూడా ఉందన్నాం. "అయితే మెగాపిక్సెల్ చూడకండి సార్. ఈ చిన్న కెమెరాల్లో వెలుతురు పట్టే సెన్సార్ ఆరు మిల్లీమీటర్ల వెడల్పుంటుంది అంతే. పన్నెండు మెగాపిక్సెళ్లు అందులోనే ఇరికించాలి. వెలుతురు తగ్గితే ఫోటో గరగరలాడుతుంది. ఫ్లాష్ మూడు మీటర్లు దాటదు. హోమం దగ్గర ఫ్లాష్ వేస్తే పొగ మీద పడి అంతా తెల్లగా కొడుతుంది. పెద్ద కెమెరా తీసుకోండి, దాని సెన్సార్ వైశాల్యం దీనికి పదమూడింతలు..." అంటుండగానే కొట్టాయన వాణ్ణి టీ తెమ్మని పంపేశాడు. ఆ రోజు మొత్తంలో కెమెరా గురించి నిజం చెప్పినవాడు వాడొక్కడే. వాడు తిరిగొచ్చేలోపు బేరం అయిపోయింది. 13,500, పౌచ్, స్క్రీన్ గార్డ్, జానెడు ట్రైపాడ్, 4 జీబీ కార్డు ఫ్రీ. రంగు మెరూన్.

ప్యాక్ చేస్తూ కొట్టాయన చివరి మాటగా, "దీంట్లో ఇంకో స్పెషల్ ఉంది సార్. ముఖం గుర్తుపడుతుంది. మనిషి నవ్వితే దానంతటదే ఫోటో తీస్తుంది" అన్నాడు. మేం పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకున్నవాడు మా మేనల్లుడు. పన్నెండేళ్లు. గౌతమి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్‌లో బయల్దేరినప్పుడు కెమెరాతో వచ్చిన పుస్తకం తెరిచాడు. అందరూ లైట్లార్పి పడుకున్నాక పై బెర్తులో మెనూలన్నీ తిరగేశాడు. ఆ కెమెరాలో నవ్వుకి మూడు మెట్లున్నాయి. చిరునవ్వు, మామూలు నవ్వు, పెద్ద నవ్వు. వాడు పెద్ద నవ్వు మీద పెట్టి నిద్రపోయాడు. ఆ మోడ్‌లో బటన్ నొక్కితే ఫోటో రాదు. కెమెరా నవ్వు కోసం కాపు కాస్తుంది. ఇంకోసారి నొక్కితే కాపు మానేస్తుంది. ఈ సంగతి మాకు ఫంక్షన్ అయిపోయాక తెలిసింది. మీకు ముందే చెప్పేస్తున్నాను. బావగారిని చూసి అప్పటికప్పుడు నవ్వుకునే అదృష్టం మాకెలాగూ దక్కలేదు, మీకైనా దక్కాలి.

పొద్దున్నే గణపతి పూజ. బావగారు పట్టు పంచె, మెడలో కెమెరా తాడు. గురి చూసి నొక్కారు. కెమెరా కుయ్యిమంది, ముందర చిన్న దీపం వెలిగింది. అంతే. "ఫోకస్ వెతుక్కుంటోంది" అన్నారు. కాసేపాగి మళ్లీ నొక్కారు. దీపం ఆరిపోయింది. "దొరికింది" అన్నారు. బ్యాటరీ ఆదా అవుతుందని తీసిన ఫోటో తెర మీద కనిపించకుండా రాత్రే ఆపు చేసుకున్నారు కాబట్టి అందులో ఏం పడుతోందో చూసుకునే పని కూడా లేదు.

పుణ్యాహవాచనం, కలశ స్థాపన, ఆయుష్య హోమం. నాన్నగారు పీటల మీద వేలిముద్ర వేసే మొహంతో కూర్చున్నారు. పొగకి అమ్మ కొంగు కళ్లకడ్డం పెట్టుకుంది. ఇద్దరిలో ఒక్కరూ నవ్వే పరిస్థితిలో లేరు. కెమెరా ఓపిగ్గా కాసుకుని ఉంది. బావగారు చుట్టూ తిరుగుతూ, "మావయ్యగారూ, ఇటు... అత్తయ్యగారూ, కొంగు కొంచెం..." అంటున్నారు. మంత్రాల మధ్యలో పంతులుగారికి ఎవరో ఏదో చెబితే ఆయన పెద్దగా నవ్వారు. టపీమని ఫ్లాష్ వెలిగింది. "ఆఁ, ఇప్పుడు దారికొచ్చింది!" అన్నారు బావగారు.

ఇంకో మహానుభావుడు పీటల వెనక ఉన్నాడు. ఫ్లెక్సీ. దాని మీద నాన్నగారూ అమ్మా గంభీరంగా నిలబడి ఉన్నారు, కింద గుండ్రంగా మా ఆరేళ్ల మేనకోడలు ముందు పళ్లు రెండూ ఊడిన నోటితో నవ్వుతోంది. కెమెరాకి మనిషేమిటి, ఫ్లెక్సీ ఏమిటి, నవ్వు నవ్వే. బావగారు దంపతుల వైపు గురిపెట్టినప్పుడల్లా వెనకున్న ఆ నవ్వుని పట్టుకుని టపీ టపీమని తీసేసింది. అంతకంతకూ బావగారికి ధైర్యం పెరిగిపోయింది.

తర్వాత కలశాభిషేకం. దంపతుల తలల మీద జల్లెడ పట్టి, కలశాల్లో నీళ్లు పోస్తారు. కార్తీకం చలి, నూతి నీళ్లు. చిన్నాన్నా నేనూ జల్లెడ పట్టుకున్నాం, అక్క మొదటి కలశం ఎత్తింది. జల్లెడ ధారలు దగ్గర్నుంచి తీస్తే అద్భుతంగా ఉంటుందని బావగారు ఎక్కడో చదివారట. చెయ్యి చాపి, మోకాళ్ల మీద జరిగి జరిగి, తల జల్లెడ కిందికి తెచ్చేశారు. "మావయ్యగారూ, ఒక్కసారి..." అంటుండగా అక్క కలశం వంచేసింది. నీళ్లన్నీ సరిగ్గా బావగారి నడినెత్తిన పడ్డాయి. ఆయన "అమ్మో" అని కేక పెట్టారు. పంతులుగారు మంత్రం ఆపకుండానే, "అల్లుడుగారికి కూడా ఆయుష్షు పెరిగింది" అన్నారు.

నాన్నగారు నవ్వారు. అరవై ఏళ్ల నవ్వు, తెరలు తెరలుగా, పీట కదిలేలా. ఆ గోలలో ఎక్కడో ఒక ఫ్లాష్ వెలిగింది. వెంటనే కెమెరా ఒకసారి లెన్స్ బయటికి చాపి, మళ్లీ లోపలికి లాక్కుని, శాశ్వతంగా కళ్లు మూసుకుంది.

ఇంకా మాంగల్యధారణ ఉంది, తలంబ్రాలున్నాయి, మా చేత పాదపూజ ఉంది. చేతిలో కెమెరా లేదు. బంధువులంతా ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే, చిన్నాన్న కారు డ్రైవరు గుమ్మం దగ్గర్నుంచి, "నా ఫోన్లో తీయమంటారాండీ? రెండు మెగాపిక్సెళ్లే అనుకోండి..." అన్నాడు. అందరి తలలూ నాన్నగారి వైపు తిరిగాయి. నాన్నగారు బావగారి వైపు చూడకుండా, పంతులుగారితో, "కానివ్వండి" అన్నారు. ఆ డ్రైవరు అటూ ఇటూ తిరగలేదు, ఎవర్నీ జరగమనలేదు. తలుపు పక్కన వెలుతురు చూసుకుని నిలబడి మూడు ముళ్లకీ ఫోటోలు తీశాడు. కాస్త మసక, కానీ ఎవరు ఎవరికి కడుతున్నారో తెలుస్తుంది.

కెమెరాని అక్క బియ్యం డబ్బాలో పాతిపెట్టింది. కార్డు పట్టుకుని బావగారూ నేనూ స్టూడియోకి వెళ్లాం, ఇంకో దారి లేక. స్టూడియో ఆయన దాన్ని తన పాత రీడర్‌లో గుచ్చి చూశాడు, తీశాడు, ఊది మళ్లీ గుచ్చాడు. ఆ రీడర్ రెండు జీబీ దాకా ఉండే పాతరకం కార్డులే చదువుతుంది. మాది నాలుగు జీబీ, ఎస్‌డీహెచ్‌సీ రకం. "మీ కార్డు మా కంప్యూటర్ కంటే ఎక్కువ చదువుకుందండీ" అని వినయంగా తిరిగిచ్చి, "మజ్జిగ తెప్పించమంటారా?" అని అడిగాడు.

హైదరాబాద్ వెళ్లాక కార్డు తెరుచుకుంది. పంతులుగారు నవ్వుతున్నారు. వంటాయన గరిటెతో నవ్వుతున్నాడు. మాకెవరికీ తెలియని ఒక పెద్దావిడ నవ్వుతోంది, ఆవిడ ఎవరి తరఫో ఇప్పటికీ తేలలేదు. చిన్నాన్న టిఫిన్ల దగ్గర ఇడ్లీ నోట్లో పెట్టుకుని నవ్వుతున్నాడు. మిగతావన్నీ ఫ్లెక్సీ మీది మేనకోడలు. ముందర దంపతులు పొగలో, పక్కకి తిరిగి, మసగ్గా, ఎవరిదో షష్టిపూర్తికి వచ్చినట్టు కూర్చున్నారు. ఇవన్నీ చూసి అక్క కంగారుపడుతుంటే మేనల్లుడు, "మోడ్ కరెక్టుగానే పనిచేసింది డాడీ" అన్నాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

ఆఖరి ఫోటో మాత్రం వేరు. జల్లెడ నుంచి నీటి ధారలు గాల్లో ఆగిపోయి ఉన్నాయి. ఓ మూల తడిసిన మోచెయ్యి ఒకటి, అది బావగారిది. మధ్యలో నాన్నగారు, తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వుతున్నారు. పక్కన అమ్మ ఆయన్నే చూస్తోంది.

అమ్మ ఆ ఫోటోని హాల్లో గోడకి పెద్దది కట్టించమంది. బావగారు ఆ రాత్రే ఊరికి ఫోన్ చేశారు. గొంతులో ఎన్నాళ్లుగానో లేని హుషారు.

"మావయ్యగారూ, ఎనిమిది బై పన్నెండు సైజు. 2400 ఇంటూ 3600. 86 లక్షల 40 వేల చుక్కలు కావాలి. మీరన్న రెండు మెగాపిక్సెళ్లకి ఇది వచ్చేదంటారా? చెప్పండి!"

అటువైపు కాసేపు చప్పుడు లేదు. నాన్నగారు లెక్క సరిచూస్తున్నారు. లెక్క సరిగ్గానే ఉంది.

"వచ్చేది కాదు" అన్నారు చివరికి. "అది సరే గానీ, అంత సైజులో నా పళ్లు ఎవరికి చూపించాలి అల్లుడుగారూ?"