లోగో కోసేస్తే సంతకం పోయినట్టే

పాత టీవీ లోగోల మీద మనకున్న మమకారాన్ని చిన్నప్పటి జ్ఞాపకాల కింద జమకట్టి కొట్టిపారేయడం నాకు నచ్చదు. కాసిన్ని క్షణాలు కనపడే ఆ బొమ్మకీ దాని వెనక మ్యూజిక్‌కీ ఒక పనుండేది. ఇది ఎవరు తీశారో చెప్పడం, వంటింట్లో ఉన్న మనిషిని టీవీ ముందుకు రప్పించడం.

దూరదర్శన్‌దే చూడండి. 1976లో ఆకాశవాణి నుంచి విడిపోయి సొంత సంస్థ అయ్యాక దానికంటూ ఒక గుర్తు కావాల్సొచ్చింది. అహ్మదాబాద్‌లోని డిజైన్ కాలేజీ ఎన్‌ఐడీలో చదువుకుంటున్న దేవాశిష్ భట్టాచార్య గీసిన రెండు వంపులు, మధ్యలో గుండ్రం, అదే ఆ కన్ను. పండిట్ రవిశంకర్, ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ కట్టిన ట్యూన్ సాగుతుంటే ఆ వంపులు తిరిగి తిరిగి వచ్చి కన్నుగా కుదురుకునేవి. కందుకూరు, కనిగిరి వైపు పల్లెల్లో ఊరికి ఒకటో రెండో టీవీలున్న రోజుల్లో ఆ ట్యూన్ వీధిలోకి వినపడితే చాలు, పిల్లలు పరిగెత్తేవాళ్లు. మిద్దె మీద యాంటెన్నా తిప్పే అబ్బాయి "వచ్చిందా?" అని అరిస్తే కింద నుంచి "ఇంకా చుక్కలే పడుతున్నాయి, కొంచెం ఇటు తిప్పు" అని కేకలు. ఆ వంపులు చెదరకుండా కనపడ్డాయంటే ఇక సినిమాకి ఢోకా లేదు, టెన్షన్ అంతవరకే.

ఆ సినిమాకీ ఒక లోగో ఉండేది. ఎస్, పీ అక్షరాల మీద నిలబడ్డ ఇద్దరు పిల్లలు కనపడగానే మా ప్రకాశం జిల్లాలో "మన కారంచేడు నాయుడు గారిది" అనేవాళ్లు. రామానాయుడు గారు 1964లో మద్రాసులో పెట్టిన సురేష్ ప్రొడక్షన్స్ అది, ఆ పిల్లలు ఆయన కొడుకులు సురేష్, వెంకటేష్. ఒక ఊరి పేరు టీవీ తెర మీదికి రాకుండానే అందరికీ కనపడేదంటే అది ఆ బొమ్మ చలవే. 1987లో ఆదివారం పొద్దున్నే రామాయణం వచ్చినా, తర్వాత కేబుల్లో నటి రాధిక సంస్థ రాడాన్ పేరు చూసి ఇది ఆమె సీరియల్ అని గుర్తుపట్టినా జరిగింది ఇదే: పేరు చూసి నమ్మి కూర్చోవడం.

ఇది మన దగ్గరే ఉన్న పిచ్చి కాదు. అమెరికాలో ఎంటీఎం అనే టీవీ సంస్థ సీరియళ్ల చివర, ఎంజీఎం సినిమాల్లోలా సింహం గర్జించాల్సిన చోట ఒక పిల్లికూన మ్యావ్ అనేది. అక్కడిదే ఇంకో టీవీ సంస్థ స్క్రీన్ జెమ్స్ 1965లో తెచ్చిన ఎస్ లోగో మ్యూజిక్ వింటే పిల్లలు హడలిపోయేవాళ్లు, ఆ భయాన్నే పెద్దయ్యాక ఇష్టంగా తలుచుకునేవాళ్లున్నారు.

ఇప్పుడు ఓటీటీలో ముందు వచ్చేదాన్ని దాటేయడానికి బటనే ఇచ్చారు. చానళ్లలో పేర్లు పడుతుంటే వాటిని ఒక మూలకి నొక్కేసి తర్వాతి ప్రోగ్రాం ప్రోమో వేస్తారు. ప్రకటనల టైమ్ విలువైందే, ఒప్పుకుంటాను. కానీ నాకు అసలు బాధ యూట్యూబ్‌తో. పాత సీరియల్ దొరికిందని ఆశగా తెరిస్తే మొదట్లో ఉండాల్సిన సంస్థ లోగో కోసేసి, అప్‌లోడ్ చేసినవాళ్ల లోగో మూలన అతికించి ఉంటుంది. పదేళ్లు పోతే అది తీసిందెవరో కొత్తగా చూసేవాళ్లకి తెలిసే దారేది? కథ మిగిలి, కష్టపడ్డవాళ్ల సంతకం పోతోంది.

నెల్లూరులోనో ఒంగోలులోనో మీ ఇంటి అటక మీద పాత వీడియో క్యాసెట్లుంటే, వాటిని డిజిటల్ చేయించేటప్పుడు స్టూడియో అతనికి ఒక్క మాట చెప్పండి: మొదలూ చివరా కత్తిరించొద్దని, ప్రకటనలతో సహా ఉన్నది ఉన్నట్టు ఎక్కించమని.