సవరణ: పాల్ ప్రసారంలో ఫ్రేములు, ఫీల్డులు

1982 ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి దూరదర్శన్ రంగుల ప్రసారం ప్రారంభించిన తీరుపై వచ్చిన క్రితం వ్యాసంలో, పాల్ (PAL) అనే రంగుల టీవీ ప్రసార విధానంలో సెకనుకు 50 ఫ్రేములు (పూర్తి బొమ్మలు) ప్రసారమవుతాయన్న వాక్యాన్ని '25 ఫ్రేములు, 50 ఫీల్డులు' అని సవరించి చదువుకోగలరు.

ఇది చిన్న తేడా కాదు. ఒక ఫ్రేములోని 625 అడ్డగీతల్లో బేసి గీతలు ఒక ఫీల్డుగా, సరి గీతలు మరో ఫీల్డుగా విడివిడిగా ప్రసారమవుతాయి. పూర్తి ఫ్రేములనే సెకనుకు 50 చొప్పున పంపాలంటే రెట్టింపు బ్యాండ్‌విడ్త్ (సిగ్నల్ ఆక్రమించే పౌనఃపున్యాల వెడల్పు) కావలసి వచ్చేది కనుక, 25 ఫ్రేములతోనే చలనం సాఫీగా, తెర మినుకుమినుకుమనకుండా కనిపించేందుకు ఇంజనీర్లు ఎంచుకున్న చక్కని ఉపాయమిది. ఆ 625లోనూ బొమ్మను మోసేవి సుమారు 576 గీతలే. మిగిలిన వాటి వ్యవధిలో, పాత టీవీ గొట్టంలో బొమ్మను గీసే ఎలక్ట్రాన్ కిరణం తెర అడుగు నుంచి మళ్లీ పైకి చేరుకుంటుంది. టెలిటెక్స్ట్ (టీవీ తెరపై అక్షరాల రూపంలో చదువుకునే సేవ) సమాచారం కూడా ఆ ఖాళీలోనే ఇమిడి వచ్చేది.

రెండు ఫీల్డుల మధ్య సెకనులో 50వ వంతు కాలం గడుస్తుంది. పాత క్రికెట్ రికార్డింగును కంప్యూటర్లో ఆపి చూసినప్పుడు ఆ రెండు ఫీల్డులూ ఒకే బొమ్మగా కలిసి కనిపిస్తాయి; అప్పుడు దూసుకెళ్తున్న బంతి అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపించడానికి కారణం ఇదే తప్ప టేపు లోపం కాదు. 1080ఐ50 (1080 గీతలు, ఐ అంటే ఇలా ఫీల్డులుగా పంపే ఇంటర్‌లేస్డ్ పద్ధతి) అని రాసే హెచ్‌డీ ప్రసారాలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. అక్కడి 50 సాధారణంగా ఫీల్డుల సంఖ్యే.