ప్రాజెక్టు ఎవరిది, పిల్లాడిదా నాన్నదా?

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి పిల్లాడు మెల్లిగా చెప్తాడు, రేపు సైన్స్ ప్రాజెక్టు ఇవ్వాలంట అని. ఇంక ఇల్లంతా హడావిడే. నాన్న బండేసుకుని, షట్టర్ సగం దించేసిన షాపు దగ్గర బతిమాలి థర్మకోల్ షీటూ ఫెవికాలూ తెస్తాడు, అమ్మ పదకొండింటిదాకా కూర్చుని గుండె బొమ్మకి ఒకవైపు ఎరుపు ఒకవైపు నీలం వేస్తుంది, పిల్లాడు సోఫాలో నిద్రపోతాడు. పొద్దున ఆటోలో ఆ థర్మకోల్ విరక్కుండా పట్టుకోవడం ఒక్కటే వాడు చేసిన పని. పదికి తొమ్మిది వస్తాయి. ఆ ఒక్క మార్కు ఎందుకు పోయిందా అని అమ్మ ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటుంది.

మా పత్రిక డెస్కులో సగం మంది ఇలాంటి గుండెలు వేసినవాళ్ళే, కాబట్టి రాళ్ళేసే హక్కు మాకూ పెద్దగా లేదు. కానీ సీసీఈ, అంటే ఏడాది పొడవునా పిల్లల పని చూసి మార్కులేసే పద్ధతి, వచ్చినప్పుడు ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టుకి విడిగా మార్కులు పెట్టింది పిల్లలు చేత్తో చేసి నేర్చుకుంటారని కదా, చివరికి అది స్టేషనరీ షాపు సీజన్ అయి కూర్చుంది. అందుకే మేం అడిగేది ఒకటే. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఇంటి నుంచి మోసుకొచ్చిన ప్రాజెక్టుకి మార్కులు ఆపేయండి. క్లాసులో, పీరియడ్ టైంలో, నలుగురు కలిసి చేసినదానికే ఇవ్వండి.

దీనికి లక్షలేం అక్కర్లేదు. ఏడో తరగతిలో నలుగురికి ఒక తెల్లకాగితం ఇచ్చి, రెండు బెంచీల మధ్య జానెడు ఖాళీ వదిలి, దాని మీద వంతెన వేసి జామెట్రీ బాక్సు నిలబెట్టమనండి, జిగురు లేదు టేపు లేదు. మొదట కాగితం అలాగే పరుస్తారు, బాక్సు ధబీమని కింద పడుతుంది, పక్క గ్రూపు నవ్వుతుంది. తర్వాత రెండు మడతలు, నాలుగు మడతలు. అప్పటిదాకా మాట్లాడని పిల్ల ఎవరో విసనకర్రలా మడిచి చూద్దామంటుంది, మడుస్తారు, అదీ పడిపోతుంది, ఎందుకంటే మడతల గీతలు బెంచీల వెంబడి ఉన్నాయి. కాగితాన్ని తిప్పి గీతలు ఈ బెంచీ నుంచి ఆ బెంచీకి పోయేలా పెడితే నిలబడుతుంది! అదే కాగితం, అదే బరువు, మారింది ఆకారం ఒక్కటే. రేకుల షెడ్డు పైకప్పుకి ఆ అలలు ఎందుకుంటాయో ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు. మార్కు వేస్తే ఆ రెండుసార్లు పడిపోయినదానికీ వెయ్యాలి. ఎందుకు పడింది, తర్వాత ఏం మార్చారు అని నాలుగు లైన్లు రాయించుకుంటే చాలు, షాపులో కొన్న మోడల్‌కి ఆ నాలుగు లైన్లు రావు.

గ్రూపు అనగానే అన్నీ బాగుంటాయని కూడా మేం అనం. ఒకడు బాస్ అయిపోతాడు, ఒకడు కత్తెర పట్టుకుని నిలబడతాడు, ఆడపిల్లకేమో నీ హ్యాండ్‌రైటింగ్ బాగుంటుంది నువ్వు చార్టు రాయవే అంటారు, స్క్రూడ్రైవర్ మాత్రం ఆమె చేతికి రాదు. ఇది టీచర్ చూసుకోవాల్సిన పని. 1971లో అమెరికాలో ఆస్టిన్ ఊళ్ళో నల్లవాళ్ళ పిల్లలు, తెల్లవాళ్ళ పిల్లలు, మెక్సికన్ల పిల్లలు మొదటిసారి ఒకే క్లాసుల్లో కూర్చుని కొట్టుకుంటుంటే, ఎలియట్ అరన్సన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ ఒక ఉపాయం వేశాడు, పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కళ్ళకి ఒక్కో ముక్క ఇచ్చాడు, పక్కవాడి ముక్క వినకపోతే పరీక్ష రాయలేరు. జిగ్‌సా అంటారు దాన్ని. మన క్లాసుల్లో కూడా కొలిచేవాళ్ళు, మడిచేవాళ్ళు, రాసేవాళ్ళు, చెప్పేవాళ్ళు వారం వారం మారుతూ ఉంటే ఆ స్క్రూడ్రైవర్ అందరి చేతికీ వస్తుంది.

ఇక సర్కారు వైపు కాగితం మీద అంతా ఉంది. చేతిపనితో చదువు అని 1937లోనే గాంధీ గారు వార్ధాలో చెప్పారు. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు బ్యాగు లేకుండా వడ్రంగం, కుండలు, కరెంటు పని చూడాలని రాశారు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లకి, అంటే పిల్లలు సొంతంగా ఏదో ఒకటి తయారుచేసి చూసే గదులకి, స్కూలుకి 20 లక్షల దాకా గ్రాంటు, దేశంలో పదివేల దాకా వచ్చాయి, 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రభుత్వ స్కూళ్ళకి ఐదేళ్ళలో ఇంకో 50,000 అన్నారు. మంచిదే. కానీ త్రీడీ ప్రింటర్ ఉన్న గది తాళంచెవి హెడ్మాస్టర్ బీరువాలో ఉండి, ఎవరైనా ఆఫీసర్ వచ్చినప్పుడే తెరిస్తే 20 లక్షలైనా దండగే. మన కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్ళు చాలా ఏళ్ళుగా వ్యాన్‌లలో చవక సామాన్లు వేసుకుని ఊళ్ళకి పోయి సైన్స్ ప్రయోగాలు చేసి చూపిస్తున్నారు కదా.

సిలబస్ ఎప్పుడు అవుతుంది అని టీచర్లు అడుగుతారు, న్యాయమే. యాప్‌లో ఫొటోలు ఎక్కించే పని తగ్గిస్తే వారానికి రెండు పీరియడ్లు దొరకవా అన్నది విద్యాశాఖ చెప్పాలి. వరసగా రెండు పీరియడ్లు ఉండాలి, నలభై నిమిషాల్లో బెల్లు కొడితే వంతెన పడిపోయేదగ్గరే ఆగిపోతుంది.

సబ్జెక్టు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు కూడా. మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలు కంచాలు కడిగే కుళాయి దగ్గరికి ఒక్కసారి వెళ్ళండి, అక్కడ బురద ఎప్పుడూ ఉంటుంది. బకెట్ పెట్టి రోజూ ఎన్ని లీటర్లు పోతున్నాయో కొలవడం, వాలు ఎటుందో చూడ్డం, ఆ నీళ్ళు కూరమొక్కల దాకా పోయేలా కాలవ తియ్యడం, ఇవన్నీ ఆరో తరగతి పిల్లలు చెయ్యగలిగినవే. ఆ కాలవని ఆదివారం రాత్రి నాన్న తవ్వి ఆటోలో పంపించలేడు.