మహారాజశ్రీ మూడు బాణాల రీసైక్లింగ్ త్రికోణం గారికి

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. తమరు కూల్‌డ్రింకు సీసా అడుగున, కడుపులో 1 అంకె పెట్టుకుని, ఒక బాణం తోక ఇంకో బాణం పట్టుకుని క్షేమంగా తిరుగుతున్నారని తలుస్తాం. నూనె డబ్బా కింద, షాంపూ సీసా వెనక తమరి బంధువర్గమూ కులాసాగానే కనబడుతోంది. చిప్స్ ప్యాకెట్టు మీద కూడా 7 అంకెతో వెలిశారు. అక్కడ తమరికి పనేమిటో ఆ ప్యాకెట్లను ఇంధనంగా మింగే సిమెంటు బట్టీనే అడగాలి.

సంగతేమిటంటే, తమరిని సీసాల మీద అచ్చువేసేవారు ఒక మాట తప్పారు. 2022 ఫిబ్రవరిలో కోకా-కోలా వారు లోకానికి మాటిచ్చారు: 2030 కల్లా తమ పానీయాల్లో 25 శాతం మళ్లీ నింపే సీసాల్లోనో, మళ్లీ నింపుకునే గ్లాసుల్లోనో అమ్ముతామని. 2024 డిసెంబరులో కొత్త లక్ష్యాల జాబితా వచ్చింది. అందులో ఆ 25 శాతం ఊసే లేదు. దాని పీట మీద 2035 కూర్చుంది, పక్కన '35 నుంచి 40 శాతం రీసైకిల్ సరుకు' అని. మళ్లీ నింపడం పోయి మళ్లీ కరిగించడం మిగిలింది. తమరి బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. పెళ్లి ఆగిపోయినా శుభలేఖ గోడకు వేలాడుతున్నట్టు.

ఇందులో అసలు మండేది ఎక్కడంటే, తిరిగొచ్చే సీసా ఈ కంపెనీలకు తెలియని విద్య కాదు. ఏ కన్సల్టెంటూ వచ్చి నేర్పక్కర్లేదు. నిన్న మొన్నటిదాకా చేతిలో ఉన్న పనే. 24 గళ్ల క్రేటు. నిండు క్రేటు దిగితే ఖాళీ క్రేటు ఎక్కాలి, సీసా తగ్గితే కొట్టువాడి డిపాజిట్టులో కోత. 'ఇక్కడే తాగి సీసా ఇచ్చెయ్యండి' అని కిళ్లీకొట్టు ఆయన మన గుటకలు లెక్కపెట్టింది అందుకే. ఇంటికి పట్టుకెళతానంటే సీసా డబ్బులు అదనం. ఆ నాలుగు రూపాయల కోసం పిల్లలు సీసాని పరుగున తెచ్చిచ్చేవారు. పర్యావరణ చైతన్యం అంటే అంతకుమించి ఇంకేం కావాలి?

ప్లాంటులో పని కూడా మంత్రమేం కాదు. ముందు స్ట్రాలు, సిగరెట్ పీకలు దులపాలి. తర్వాత 2, 3 శాతం కాస్టిక్ సోడా కలిపిన వేడినీటి తొట్లు, 60 నుంచి 80 డిగ్రీల వేడిలో. వేడి ఒక్కసారిగా పెంచితే గాజు పగులుతుంది గనక మెట్లు మెట్లుగా పెంచి, మెట్లు మెట్లుగానే దించాలి. లోపలికి జెట్లు కొట్టి, చివర మంచినీళ్లతో కడగాలి. కాస్టిక్ మిగిలిందేమో అని ఫినాఫ్తలీన్ చుక్క వేస్తారు, గులాబీ రంగు తేలితే మళ్లీ కడుగుడే. ఆపైన వెలుగు ముందు తనిఖీ. మూతి చిట్లిన సీసా పనికిరాదు. రేకు క్రౌన్ మూత పట్టేది ఆ అంచునే, అక్కడ చిట్లితే గ్యాసు పోతుంది, పెంకు లోపల పడుతుంది. అన్నిటికన్నా పెద్ద తంటా కిరసనాయిలు పోసిన సీసా. వంటనూనె జిడ్డయితే కాస్టిక్‌కు సబ్బయి కరుగుతుంది, కిరసనాయిలు సబ్బు కాదు, వాసన వదలదు. దాన్ని ముక్కుతో పట్టి పక్కన పడేయాల్సిందే. ఇంత చేస్తే ఒక్కో సీసా ఇరవై, పాతికసార్లు తిరిగేది. భుజాల దగ్గర తెల్లగా గీసుకుపోయిన పట్టీ చూశారా, పక్క సీసాలతో రాసుకుని పడ్డ గీతలు. ఆ సీసా సర్వీసు రికార్డు అదే. తమరి మూడు బాణాల కన్నా నిజం చెప్పే గుర్తు.

మరి ఎందుకు చాలావరకు వదిలేశారు? ఖాళీ గాజు సీసాకు లారీలో నిండు సీసా అంత చోటు కావాలి. ప్లాస్టిక్‌కి ఆ గొడవ లేదు. 'ప్రీఫారం' అని పరీక్షనాళిక లాంటి బుల్లి గొట్టాలు పెట్టెల కొద్దీ దిగుతాయి, ప్లాంటులోనే వేడిచేసి గాలి ఊదితే సీసా. తిరుగు లారీ లేదు, కడిగే యంత్రం లేదు, కాస్టిక్ నీళ్లు శుద్ధి చేసే ఖర్చు లేదు. ఊరూరి చిన్న ప్లాంట్లు మూసి దూరాన ఒకటే పెద్దది కట్టినా అడిగేవాడు లేడు. (గాజు బరువు, ప్లాంటు మరీ దూరమైతే డీజిలు లెక్క గాజుకు ఎదురు తిరుగుతుంది, నిజమే. ఆ దూరం పెంచిందెవరు మరి?) ఖర్చు మాయమవలేదు. మున్సిపాలిటీ చెత్తబండికీ, మురుగుకాలువకీ, గోనెసంచి భుజాన వేసుకుని సీసాలు ఏరే మనిషి నడుముకీ బదిలీ అయింది.

కరిగించడమే గొప్ప అంటారా, సరే. నలగ్గొట్టిన ముక్కలు నీళ్లలో వేస్తే పెట్ (సీసా చేసే ప్లాస్టిక్, తమరి 1 అంకె) మునుగుతుంది, మూత తేలుతుంది. అంతవరకు బాగానే ఉంది. ఒంటినిండా తొడిగిన లేబులు పీవీసీదైతే అదీ పెట్‌తో పాటే మునుగుతుంది. 250 డిగ్రీలు దాటిన వేడికి అది ఆమ్లం కక్కి సరుకంతా నల్ల మచ్చలు చేస్తుంది. పచ్చ సీసా కలిస్తే తెల్ల సరుకు చెడుతుంది. కరిగిన ప్రతిసారీ పెట్ అణువుల గొలుసులు తెగి పొట్టివవుతాయి, మళ్లీ సీసాకు పనికొచ్చే బలం రావాలంటే 200 డిగ్రీల పైన గంటల తరబడి ఉడకాలి. అదంతా ఎందుకని బోలెడు సరుకు చొక్కా దారంగానో, దిండులో దూదిగానో తేలుతుంది. ఆ చొక్కా చిరిగాక మళ్లీ సీసాగా పుట్టడం దాదాపు కల్ల. తమరి మూడో బాణం విరిగేది సరిగ్గా అక్కడే.

తమరి పుట్టుపూర్వోత్తరాలూ తెలుసు లెండి. 1970లో గ్యారీ ఆండర్సన్ అనే 23 ఏళ్ల విద్యార్థి అట్టపెట్టెల కంపెనీ పెట్టిన పోటీకి గీసిన బొమ్మ మీరు. పాపం ఆయన మంచి మనసుతోనే గీశాడు. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ మీ కడుపులో అంకె పెట్టింది. ఆ అంకె ప్లాస్టిక్ రకం చెప్పడానికే గానీ తిరిగి వాడతామన్న పూచీ కాదు. జనం మోసపోతున్నారని 2013లో అక్కడి ప్రమాణాల సంస్థే బాణాలు పీకి బోడి త్రికోణం చాలంది. మన అచ్చుల్లో మాత్రం బాణాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 2022 నాటి మన నిబంధనలు గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2025-26కు 30 శాతం రీసైకిల్ సరుకు ఉండాలన్నాయి. దానికి ముందే, 2023లో, ఇంత ప్లాస్టిక్ రీసైకిల్ అయిందని చెప్పే సర్టిఫికెట్లలో లక్షల సంఖ్యలో దొంగవి దొరికాయి. సీసా తిరగకపోయినా కాగితం చక్కగా తిరిగింది. మూత దగ్గర గ్రాము చిల్లర ప్లాస్టిక్ తగ్గించి భూమాతకు కానుక అని ప్రకటన వేయడం ఇంకో ముచ్చట.

ఇక మర్యాద చాలు. నువ్వు చక్రానివి కాదు, చక్రం బొమ్మవి. నిజమైన చక్రం చూడాలంటే గోలీసోడా బండి దగ్గరకు రా. 1872లో హైరమ్ కాడ్ పేటెంటు తీసుకున్న మూతి అది. తాగేదాకా బండివాడు పక్కనే నిలబడతాడు, గోలీ సహా సీసా లాక్కుంటాడు. 20 లీటర్ల మంచినీళ్ల బబుల్ చూడు. డిపాజిట్టు కట్టించుకుని, ఖాళీది ఇస్తేనే నిండుది దింపుతాడు. సరిగా కడగకపోతే అడుగున నాచు పడుతుంది, అది వేరే తగువు. 650 మి.లీ. బీరు సీసా అయితే 'పాత సామాన్లు కొంటాం' ఆటో ఎక్కి, కడిగించుకుని, మళ్లీ కొట్టుకు చేరుతుంది. వీళ్లలో ఒక్కడి ఒంటి మీదా నీ బొమ్మ అక్కర్లేదు. ఖాళీ లారీ వెనక్కి వస్తోందా లేదా, అంతే లెక్క.

ఇట్లు,
ఖాళీ సీసా చేత పట్టుకుని, ఇచ్చే చోటు లేక బస్టాండులో నిలబడ్డ జనం

తా.క.: నీకు బెత్తెడు దూరంలో, అదే సీసా మీద, 'వాడిన తర్వాత నలిపేయండి' అని కూడా రాసి ఉంది. ఇద్దరూ ఒకసారి మాట్లాడుకోండి.