హిట్లర్ ఒక్కడేనా?

చరిత్ర ఇంకోలా నడిచి ఉంటే అనే నవలలంటే హిట్లర్ గెలిచిన కథలే అన్నట్టు రాశారు ఒక వ్యాసంలో. ఫిలిప్ కె. డిక్ 1962 నవల ‘ద మ్యాన్ ఇన్ ద హై కాజిల్’ చదవాల్సిందే, కాదనను. అక్కడే ఆగిపోతే ఎలాగండీ?

నా ఓటు కిమ్ స్టాన్లీ రాబిన్సన్ ‘ద ఇయర్స్ ఆఫ్ రైస్ అండ్ సాల్ట్’కి. 14వ శతాబ్దపు ప్లేగుకి యూరప్ దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది. ఆపైన ప్రపంచాన్ని నడిపేది చైనా, ముస్లిం రాజ్యాలు, మన తిరువాన్కూరు కూడా! అవే జీవులు మళ్లీ మళ్లీ పుడుతుంటాయి. పేరులో మొదటి అక్షరాన్ని బట్టి మనం గుర్తుపట్టాలి. జన్మలు, కర్మల సంగతి మనకి ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు కాబట్టి తెల్లవాళ్ల కన్నా మనకే బాగా ఎక్కుతుంది. మధ్యలో సాగదీత ఉంది, ఓపిక పట్టండి.

కీత్ రాబర్ట్స్ ‘పవేన్’ చిన్నది. 1588లో మొదటి ఎలిజబెత్ రాణిని చంపేస్తారు, 20వ శతాబ్దంలోనూ చర్చిదే పెత్తనం, రోడ్ల మీద ఆవిరి బండ్లు. బెజవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల మధ్య అట్ట ఊడిపోయిన కాపీ దొరికింది నాకు. అరువిచ్చాను, తిరిగి రాలేదు. అది వేరే కథ.

ఇంతకీ తెలుగులో ఎవరూ పట్టుకోరేం? 1953లో ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలుకి పోకుండా మన బెజవాడ-గుంటూరుకే వచ్చి ఉంటే? హైకోర్టు ఎలాగూ కొన్నాళ్లు గుంటూర్లోనే ఉంది. సగం కథ అక్కడే ఉంది కదండీ, రాసేవాళ్లుంటే మొదటి కాపీ నేను కొంటాను.