డిస్కవరీ బోర్డు గారికి ఒక నిందాస్తుతి

మహారాజశ్రీ ఎస్‌టీఎం32ఎఫ్4 డిస్కవరీ బోర్డు గారి సముఖానికి,

యంత్రాల లోపలి చిప్‌లో నడిచే ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్, రాసి పొట్ట పోసుకునే ఒక ఉద్యోగి నమస్కరించి చేసుకుంటున్న విన్నపం. కొత్త చిప్‌ను ప్రయత్నించి చూసుకోవడానికి అమ్మే బోర్డు తమరు; మొరాయించరు, అలగరు, ఎప్పుడు కరెంటు ఇచ్చినా వెలుగుతారు. నా మొర అంతా దాని గురించే.

2011లో బజారుకు వచ్చినప్పుడే తమరు సకల హంగులతో వచ్చారు. 168 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే కార్టెక్స్-ఎం4 ప్రాసెసర్ కోర్, ఒక మెగాబైటు ఫ్లాష్, 192 కిలోబైట్ల ర్యామ్, కదలికను పసిగట్టే యాక్సిలరోమీటర్, మైక్రోఫోన్, పాట వినిపించే ఆడియో చిప్, నాలుగు రంగుల్లో నాలుగు ఎల్‌ఈడీలు అమర్చుకుని వచ్చిన తమరు, ప్యాకెట్టు విప్పి నీలం బటన్ నొక్కితే చాలు, వంచిన దిక్కును బట్టి దీపాలు వెలిగించి చూపిస్తారు; రెండో యూఎస్‌బీ కేబుల్ కూడా తగిలిస్తే కంప్యూటర్‌కు మౌస్ అయిపోతారు. ఆ రెండోది మైక్రో, మొదటిది మినీ. ఒకే బోర్డుకు రెండు రకాల సాకెట్లు ఎందుకని అడిగే సాహసం చేయను గానీ, ఈ రోజుల్లో ఆ మినీ కేబుల్ కోసం ఆఫీసులో సొరుగులన్నీ వెతికించడం తమ హోదాకు తగిన పని కాదు.

అసలు సంగతికి వస్తాను. తమరి మీద కోడ్ సవ్యంగా నడవడం పెళ్లిచూపుల్లో అబ్బాయి చూపించే వినయం లాంటిది. అందరికీ నచ్చుతుంది, కాపురం ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. తమరికి సప్లై పిన్నుల పక్కనే కెపాసిటర్లు, నమ్మకమైన క్రిస్టల్, కుదురైన రీసెట్ సర్క్యూట్, ఏ ప్రోగ్రామ్‌తో నిద్ర లేవాలో చిప్‌కు చెప్పే, రెసిస్టర్‌తో సున్నా వోల్టుల వైపు లాగిపెట్టిన బూట్0 పిన్ను, అన్నిటికీ మించి తప్పులు వెతికే డీబగ్గింగ్ కోసం, చిప్‌ను కంప్యూటర్‌తో కలిపే ఎస్‌టీ-లింక్ ఒంటి మీదే ఉన్నాయి. మా వస్తువు కోసం గీసే బోర్డులో ఇవన్నీ దుబారా లెక్కలోకి వస్తాయి. చోటు చాలదని కెపాసిటర్లను చిప్‌కు దూరంగా జరుపుతారు, పైసలు కలిసొస్తాయని రెసిస్టర్ తీసేసి బూట్0ను గాలికి వదిలేస్తారు, ఆపైన అది ఒక పూట మా ప్రోగ్రామ్‌తోనూ మరో పూట ఫ్యాక్టరీ బూట్‌లోడర్‌తోనూ నిద్ర లేస్తుంటే, "డిస్కవరీ మీద బాగానే నడిచింది కదా, నీ కోడ్‌లోనే ఏదో ఉంది" అని నన్నే నిలదీస్తారు. సాక్ష్యం చెప్పేది తమరే. తమరి సచ్చరిత్ర ముందు నా మాట ఏపాటిది?

ఇక తెర మీద మాట రాయించే ప్రింట్‌ఎఫ్ మహిమ. డీబగ్గర్ చేత మాట మోయించే సెమీహోస్టింగ్ పుణ్యమా అని చిప్‌లోని ప్రోగ్రామ్ చెప్పిన మాట సీరియల్ పోర్టు గానీ, అదనపు తీగ గానీ లేకుండానే కంప్యూటర్ తెర మీద కనబడుతుంది. అందుకోసం ప్రాసెసర్ ప్రతిసారీ ఒక బ్రేక్‌పాయింట్ (ఇక్కడ ఆగు అనే) ఆదేశం దగ్గర ఆగుతుంది, డీబగ్గర్ వచ్చి ఆ మాట అందుకుని మళ్లీ నడిపిస్తుంది. డీబగ్గర్ లేనప్పుడు అదే ఆదేశం ఎదురైతే, పలికే నాథుడు లేక, ప్రాసెసర్ హార్డ్ ఫాల్ట్ అనే లోపస్థితిలో పడి అక్కడే గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది. "సిస్టమ్ రెడీ" అనే పలకరింపు వాక్యం ఒక్కటి మిగిలినా చాలు, టేబుల్ మీద నెలల తరబడి నడిచిన యంత్రం గోడకు బిగించాక ఆ పలకరింపు దగ్గరే నోరు మూసుకుంటుంది. ఏమైందో చూద్దామని ల్యాప్‌టాప్ తెచ్చి డీబగ్గర్ తగిలించామా, బ్రహ్మాండంగా నడుస్తుంది! కొన్నవారికి యంత్రంతో పాటు ఒక ల్యాప్‌టాప్, దాని పక్కన కూర్చోవడానికి ఒక ఇంజినీరు కూడా ఇవ్వాలన్నది తమరి అభిప్రాయమైతే, ధరల పట్టీలో చేర్పించే ఏర్పాటు చూస్తాను.

తమరు హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్లు ఆరు ఇచ్చారు. ఆరెందుకు, మోటార్ డ్రైవర్‌ను తగలెయ్యడానికి ఒకటి చాలు. ప్రాసెసర్ ఆగుతుంది గానీ, ముందుగా చెప్పి ఉంచకపోతే టైమర్ ఆగదు. చివరిగా పెట్టిన పీడబ్ల్యూఎం, అంటే మోటారుకు కరెంటు పంచే పల్సులు, అలాగే కొట్టుకుంటూ ఉంటుంది, కరెంటును అదుపులో పెట్టాల్సిన లూప్ మాత్రం నేను మళ్లీ బటన్ నొక్కే దాకా ఎదురుచూస్తుంది. తెర మీద వేరియబుల్ విలువ ప్రశాంతంగా చదువుకుంటున్నప్పుడు మోటారు కరెంటుకు స్విచ్ అయిన మాస్‌ఫెట్ కాలిన వాసన వస్తుంది. ప్రోగ్రామ్ స్తంభిస్తే చిప్‌ను రీసెట్ చేసే వాచ్‌డాగ్‌ది ఇంకో మర్యాద. ఒక బిట్ పెట్టి ఉంచితే, నేను ప్రోగ్రామ్ ఆపినంతసేపూ అది కూడా లెక్క ఆపేసి కూర్చుంటుంది. కరెంటు వాడకం కొలవడానికి ప్రత్యేకంగా ఒక జంపర్ కూడా దయచేశారు, సంతోషం. కానీ స్టాప్ మోడ్ అనే నిద్రలోనూ డీబగ్గర్ తెగిపోకుండా ఉండాలని మరో బిట్ పెట్టుకుంటే, క్లాకులు లోపల నడుస్తూనే ఉంటాయి, చిప్ నిద్ర నటిస్తుంది, మీటరు ఆ నటనను మిల్లీ ఆంపియర్లలో చూపిస్తుంది. బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుందో ఆ అంకెతో లెక్కవేసి కరపత్రం అచ్చు వేయించినవారున్నారు.

తమరు అమ్మకానికి సిద్ధమైన వస్తువు కాదనీ, పరీక్షించి చూసుకోవడానికి మాత్రమేననీ తమరి కాగితాల్లోనే రాసి ఉంటుంది. ఆ కాగితం చదివినవారెవరూ నాకు తారసపడలేదు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు అంటే తమరిలాంటి బోర్డు ఒకదాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించడమే. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మూత తీయమనడు, తీసినా ఎల్‌ఈడీ వెలుగుతోంది కాబట్టి మార్కులు వేసి వెళతాడు. ఆ పిల్లలను ఏమనగలం? జీతాలు తీసుకునే పెద్దలే డెమోలో ఆ ఎల్‌ఈడీని చూసి, మా వస్తువు తొంభై శాతం పూర్తయిందని పై వారికి మెయిల్ పంపుతుంటే.

కాబట్టి తమరిని ఒక్కటే కోరుతున్నాను. ఈ సోమవారం మా మేనేజరు గారు క్లయింటును వెంటబెట్టుకుని వస్తున్నారు. ల్యాప్‌టాప్ పక్కన పెట్టి, తమరిని ఫోన్ చార్జర్‌కు తగిలించి చూపిస్తానని చెప్పాను. "సిస్టమ్ రెడీ" అన్న వాక్యాన్ని కోడ్‌లో అలాగే ఉంచాను. ఈ ఒక్కసారి తమరు నా పరువు కోసం తాపత్రయపడకుండా, క్లయింటు చూస్తుండగానే ఆగిపోయి సహకరించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
టేబుల్‌కు అవతలి వైపు ఇంజినీరు