నిన్నటి మ్యాప్స్ పోస్టులో ఒక సవరణ

నిన్న నేను గూగుల్ మ్యాప్స్, ఆర్గానిక్ మ్యాప్స్ (అది ఇంకో మ్యాప్ యాప్) రెండూ పోలుస్తా, ఆత్మకూరు దాటి నల్లమలలోకి పోతే సిగ్నల్ ఉండదు కాబట్టి జీపీఎస్ కూడా పనిచేయదు, ఏ యాప్ అయినా ఒకటే అని రాసినా కదా, అది తప్పు, నేనే సరిగా చూసుకోకుండా రాసేసినా.

జీపీఎస్ శాటిలైట్ నుంచి వస్తాది, దానికి నెట్ అక్కర్లేదు. నెట్ కావాల్సింది మ్యాప్ లోడ్ కావడానికి, దారి లెక్క కట్టడానికి, ట్రాఫిక్ చూపడానికి. కాబట్టి కర్నూల్లోనే వైఫై ఉన్నప్పుడు ఆ ఏరియా డౌన్‌లోడ్ చేసుకుంటే చాలు, అడవిలో కూడా మనం యాడున్నామో చూపే నీలం చుక్క కదుల్తానే ఉంటాది (చెట్లు బాగా కమ్ముకున్న చోట కొంచెం అటూ ఇటూ దూకుతాది, అది వేరే సంగతి).

రెండు యాప్‌లూ ఒకటే అన్నది కూడా కరెక్ట్ కాదు. గూగుల్ హెల్ప్ పేజీ ప్రకారం ఆఫ్‌లైన్లో బండి దారి మాత్రమే చెప్తాది, నడక దారి చెప్పదు, ట్రాఫిక్ కూడా ఉండదు. ఆర్గానిక్ మ్యాప్స్ వాడేది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా, 2004 నుంచి జనాలే గీస్తా వస్తున్న మ్యాప్ అది, నెట్ లేకున్నా నడక దారి కూడా చూపిస్తాది, కానీ ఎవురో ఒకరు ఆ బాట గీసి ఉంటేనే. శివరాత్రికి నాగలూటి మీదుగా శ్రీశైలం నడిచిపోయే వాళ్లు ఈ తేడా చూసుకోండన్నా. పాత పోస్టులో ఆ లైన్లు తీసేసినా.